మళ్లీ మొలవని కండరం



ఏ మాస్టారి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పెథాలజీ చెప్పేవారు. మ్యూజియంలో ఫార్మలిన్ సీసాల మధ్య నిలబెట్టి వైవా చేసేవారు. అందులో ఆయనకు ఇష్టమైన ప్రశ్న ఒకటుండేది. "ఒళ్లంతా క్యాన్సర్ వస్తుంది గదా, గుండెకెందుకు రాదోయ్?" అనేవారు. రాదని కాదు, చాలా అరుదు అని నీళ్లు నమిలేవాళ్లం. "ఎందుకు అరుదు?" అని ఆయన వదిలిపెట్టేవారు కాదు. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే.

గుండె జబ్బు అనగానే అందరికీ తట్టేది రక్తనాళంలో అడ్డు, యాంజియోగ్రామ్, స్టెంటు. అందులో తప్పులేదు, ఎక్కువమందిని పొట్టన పెట్టుకునేది అదే. ఇవాళ దాన్ని పక్కన పెడుతున్నాను. నాళాలు శుభ్రంగా ఉండి కండరమే చెడిపోయే జబ్బుల గురించి, గుండెలో పుట్టే కణుతుల గురించి చెబుతాను. పాఠ్యపుస్తకాల్లో ఇవి రెండు వేరువేరు అధ్యాయాలు. నాకు మాత్రం రెండింటి మూలం ఒక్కచోటే కనిపిస్తుంది. గుండె కండరంలోని కణం, మనిషి పుట్టాక దాదాపుగా విభజన చెందదు. గుండెను క్యాన్సర్ నుంచి కాపాడుతున్నది ఆ గుణమే. కండరం జబ్బును అంత మొండిదాన్ని చేసిందీ ఆ గుణమే.

ఈ సంగతి తేల్చిన ప్రయోగం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనిషి గుండెలో కొత్త కణాలు పుడుతున్నాయో లేదో కొలవడం ఎలా? స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఓలాఫ్ బెర్గ్‌మన్, యోనాస్ ఫ్రిసేన్ బృందం ఇందుకు అణుబాంబులను వాడుకుంది. 1950ల నుంచి 1963 నిషేధ ఒప్పందం దాకా ఆరుబయట జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది. ఆ తరువాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ పైరులోకి, పైరు నుంచి తిండిలోకి, తిండి నుంచి మనిషి డీఎన్‌ఏలోకి చేరింది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఎంత కార్బన్-14 ఉందో ఆ పాళ్లు దాని డీఎన్‌ఏలో అలాగే నిలిచిపోతాయి. చనిపోయినవారి గుండె కణాల్లో దాన్ని కొలిచి 2009లో లెక్క చెప్పారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణం కొత్తది వస్తుంది. 75 ఏళ్లకు అది అర శాతానికి దిగువకు పడిపోతుంది. నిండుగా బతికిపోయిన మనిషి గుండెలో కూడా సగానికి పైగా పుట్టుకతో తెచ్చుకున్న కణాలే ఉంటాయి. మనుషులను చంపడానికి చేసిన బాంబులు వైద్యానికి పనికొచ్చిన తావు నాకు తెలిసి ఇదొకటే.

పేగు లోపలి పొర నాలుగైదు రోజులకు మారిపోతుంది. చర్మం పైపొర నెలకు అటూ ఇటుగా మారుతుంది. కణం రెండుగా చీలే ప్రతిసారీ డీఎన్‌ఏ నకలులో తప్పు దొర్లే వీలుంది. ఆ తప్పులు పోగుపడితే క్యాన్సర్. చీలడమే లేనిచోట తప్పుకు సందు తక్కువ. మాస్టారి ప్రశ్నకు సగం జవాబు ఇది. మిగతా సగానికి తరువాత వస్తాను. ముందు ఈ రక్షణకు గుండె చెల్లిస్తున్న మూల్యం చూద్దాం.

రోజుకు లక్షసార్లు ముడుచుకుని, నిమిషానికి అయిదు లీటర్ల రక్తం తోసే ఈ కండరం మూడు వందల గ్రాములకు అటూ ఇటుగా ఉంటుంది. కణాలు చనిపోతే వాటి చోట్లోకి వచ్చేది మచ్చ కణజాలమే, కండరం కాదు. మిగిలిన కణాలు సాగుతాయి, గది పెద్దదవుతుంది, గోడ పల్చబడుతుంది. రోగులు మనకు చెప్పే మాటల్లో ఇదంతా ఉంది. గుండె పెద్దదయిందన్నారండీ, పంపింగ్ పాతికే ఉందట, మూడు దిండ్లు లేకుండా పడుకోలేకపోతున్నాను, సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు. దీన్నే డైలేటెడ్ కార్డియోమయోపతి అంటాం. కార్డియోమయోపతి అన్న పేరును 1957లో లాన్సెట్ పత్రికలో వాలెస్ బ్రిగ్డెన్ వాడుకలోకి తెచ్చారు. రక్తనాళాల అడ్డు, బీపీ, వాల్వు జబ్బు ఏవీ లేకుండా కండరమే దెబ్బతింటే ఆ పేరు. పెద్దదయ్యేది ఒక రకం, గోడ మందమెక్కేది ఇంకో రకం, గట్టిపడి రక్తం నింపుకోలేకపోయేది మూడోది.

ఈ విశాఖపట్నంలో నిలబడి గుండె కండరం గురించి మాట్లాడుతూ బెరిబెరిని తలవకపోతే తప్పే. ఇప్పటి విద్యార్థులకు అది విటమిన్ల పట్టికలో ఒక గడి. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలు దానికి పేరుమోసినవి. గంజాం నుంచి గుంటూరు దాకా కోస్తా పొడుగునా ఉండేది. ఆ రోజుల్లో మద్రాసు సైన్యంలో ఈ జబ్బును చూసిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లోనే దాని మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. కాళ్లు వాచి, ఆయాసంతో గుండె కొట్టుకుని చనిపోతున్నారు. ఎందుకో తెలియదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. ఆ గదే తరువాత పోషకాహార పరిశోధనశాల అయి, 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో మీరు చూసే ఎన్ఐఎన్ పుట్టింది ఆ బెరిబెరి విచారణ నుంచే.

కిటుకు బియ్యంలో ఉంది. తమిళ జిల్లాల్లో ఎక్కువగా ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ గింజలోపలికి దిగుతుంది, మర పట్టినా కొంత నిలుస్తుంది. సర్కార్లలో పచ్చి బియ్యం. రోట్లో దంచుకున్నంతకాలం తవుడు కొంత మిగిలేది. మిల్లులు వచ్చి తెల్లగా పాలిష్ పట్టాక అది పోయింది. ఆ బియ్యాన్ని మూడు నాలుగు సార్లు కడిగి ఆ నీళ్లు కుడితిలో పోసి, ఉడికాక గంజి వార్చి పశువులకు పెడితే, మిగిలిన థయమిన్ కూడా కొట్టంలోకి చేరింది. గొడ్లు ఆరోగ్యంగా ఉన్నాయి, మనుషులకు కాళ్లు వాచాయి. థయమిన్ లేకపోతే కండర కణం గ్లూకోజును పూర్తిగా మండించుకోలేదు. రక్తనాళాలు సడలుతాయి, గుండె రెట్టింపు పనిచేసి చేసి వాస్తుంది. అయితే, కణం ఆకలితో ఉందే గాని చావలేదు. నరంలోకి థయమిన్ ఎక్కిస్తే కొన్ని గంటల్లో ఆయాసం తగ్గుతుంది, రోజుల్లో గుండె పరిమాణం దిగుతుంది. వైద్యంలో ఇంత తొందరగా తిరుగుముఖం పట్టే గుండె జబ్బు మరొకటి అరుదు. ఇప్పటికీ అన్నం మానేసి మందు మీదే బతికేవారిలో ఇది కనిపిస్తుంది. సారా అలవాటు గురించి అడిగే డాక్టరు థయమిన్ సంగతి మరిచిపోతే చేజేతులా ఒక గుండెను పోగొట్టినట్టే.

కండరం మళ్లీ మొలవదు కాబట్టి, చావకముందే పట్టుకోవాలి. వాచిన గుండె కనిపించినప్పుడల్లా 'ఇది వెనక్కి తిప్పగలిగేదేమో' అని అడుగుతూ పోవాలి. ఇది నా పట్టు. థైరాయిడ్ చూశామా? రోజుల తరబడి నూటయాభై వేగంతో కొట్టుకుంటున్న గుండెను నిదానపరిచామా? క్యాన్సర్‌కు డాక్సోరుబిసిన్ వాడారా, ఎంత మోతాదు? 1960ల నడుమ కెనడాలోని క్విబెక్ నగరంలో బీరు తాగేవాళ్ల గుండెలు వరసపెట్టి వాయడం మొదలైతే, నురుగు నిలవడానికి బీరులో కలిపిన కోబాల్ట్ అందుకు కారణమని బయటపడింది. చైనాలోని కెషాన్ ప్రాంతంలో నేలలో సెలీనియం లేక పిల్లలు, పిల్లలను కనే వయసు ఆడవాళ్లు చనిపోతే, సోడియం సెలినైట్ మాత్రలతో అది అదుపులోకి వచ్చింది. కేరళలో గుండె లోపలి పొర మందంగా గట్టిపడే ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్ ఒకప్పుడు వార్డులు నింపేది. మోనజైటు ఇసుక నుంచి సీరియం కర్రపెండలంలోకి చేరుతోందని, మెగ్నీషియం లోటు దానికి తోడవుతోందని తిరువనంతపురం శ్రీచిత్రలో వలియత్తాన్, కర్తా బృందం వాదించారు. ఆ వాదన తేలకముందే జబ్బు తగ్గుముఖం పట్టింది.

బాలింతల గుండె గురించి ఒక్క మాట. కాన్పుకు ముందు నెల నుంచి, కాన్పయిన అయిదు నెలల లోపు, అంతకుముందు ఏ లోపమూ లేని ఆడమనిషికి గుండె వాయవచ్చు. ఆయాసం వస్తే బాలింత నీరసం అంటారు, కాళ్లు వాస్తే నీరు పట్టిందంటారు, రాత్రి దగ్గుతో లేచి కూర్చుంటే చలి తగిలిందంటారు. అత్తగారు అంటే అర్థముంది, డాక్టర్లూ అంటున్నారు. ఒక్క ఎకోతో తేలిపోయే విషయం. సగం మందికి పైగా ఆరు నెలల్లో బాగుపడతారు. మళ్లీ గర్భం వస్తే మళ్లీ వచ్చే ప్రమాదముందని మాత్రం భార్య ఒక్కతెకే కాదు, భర్తను పక్కన కూర్చోబెట్టి చెప్పాలి.

వెనక్కి తిరగని గుండెకు చివరి దారి ఇంకొకరి గుండె. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశపు తొలి విజయవంతమైన గుండెమార్పిడి చేసినవారు పి. వేణుగోపాల్, రాజమండ్రిలో పుట్టిన మనిషి. హైదరాబాదులో 2021 ఫిబ్రవరిలో దాత గుండెను మెట్రో రైల్లో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు చేర్చారు. కోసి తీసిన గుండెకు నాలుగు గంటలకు అటూ ఇటుగానే వ్యవధి. ట్రాఫిక్ దానికి సందివ్వదు.

ఇక కణుతులు. శవపరీక్షల లెక్కల ప్రకారం గుండెలోనే పుట్టే కణితి పదివేలమందిలో ఇద్దరికి. మరోచోట పుట్టి గుండెకు పాకేవి వీటికన్నా ఇరవై ముప్పై రెట్లు ఎక్కువ. ఊపిరితిత్తుల నుంచి, రొమ్ము నుంచి, రక్త క్యాన్సర్ల నుంచి వస్తాయి. మూత్రపిండపు క్యాన్సర్ అయితే పెద్దసిర వెంబడి పైకి పాకుతూ ఏకంగా కుడి కర్ణికలో తల పెడుతుంది. గుండెలోనే పుట్టేవాటిలో నాలుగింట మూడు వంతులు క్యాన్సర్ కానివి. పెద్దవారిలో వాటిలో ఎక్కువ భాగం మిక్సోమా.

మిక్సోమాను దగ్గరగా చూడండి. నాలుగింట మూడు ఎడమ కర్ణికలోనే, రెండు కర్ణికల మధ్య గోడకు కాడతో వేలాడుతూ ఉంటుంది. థియేటరులో కర్ణిక తెరవగానే తాటిముంజలా నిగనిగలాడుతూ, తాకితే చెదిరేటట్టు ఉంటుంది. ఎకో తెర మీద అది ప్రతి స్పందనకూ ద్విపత్ర కవాటం గుండా కింది గదిలోకి జారుతుంది, మళ్లీ పైకి ఎగురుతుంది. కవాటాన్ని మూసేసినప్పుడు ఆయాసం. కొన్నిసార్లు కూర్చుంటే ఆయాసం, పడుకుంటే తేలిక. మామూలు గుండె రోగికి ఇది తలకిందులు. స్టెతస్కోపుతో వింటే రుమాటిక్ జబ్బుతో సన్నబడిన కవాటం శబ్దమే వినిపిస్తుంది, మన దేశంలో ఆ జబ్బుకు కొదవ లేదు కాబట్టి అదే అనుకుంటాం. ముక్క విరిగి మెదడుకు పోతే ముప్పై అయిదేళ్ల మనిషికి పక్షవాతం. పైగా ఈ కణితి ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని వదులుతుంది. జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత, పెరిగిన ఈఎస్ఆర్. మన ఊళ్లలో వీటికి క్షయ మందులు మొదలుపెట్టడం ఎంత తేలికో మీకు తెలుసు.

1954కు ముందు ఈ కణితి బయటపడేది ఎక్కువగా మా మాస్టారి లాంటివారి శవపరీక్ష బల్ల మీదే. ఆ ఏడాది స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫూర్డ్ హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో ఒక మహిళ గుండె తెరిచి మొదటిసారి దాన్ని తీసేశాడు. అదే స్వీడన్‌లో, అంతకు ముందు ఏడాది లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి గుండె మీదికి అల్ట్రాసౌండ్ పంపారు. వాళ్లు ముందుగా పరీక్షించి చూసిన యంత్రం మాల్మోలో ఓడల కార్ఖానాలో లోహంలో పగుళ్లు వెతకడానికి వాడేది. 1959లో జర్మనీలో స్వెన్ ఎఫర్ట్ ఆ పద్ధతితోనే బతికున్న మనిషి కర్ణికలో కణితిని చూపించాడు. కోయకుండా, నొప్పి లేకుండా చూడగలిగాక మిక్సోమా నయమయ్యే జబ్బయింది. కాడ మొదలును చుట్టూ ఉన్న గోడముక్కతో సహా తీస్తే చాలామందికి మళ్లీ రాదు. కుటుంబంలో నడిచే కార్నీ కాంప్లెక్స్ ఉన్నవారికి మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే కుర్రవాళ్లలో మిక్సోమా కనిపిస్తే మూతి మీద, కళ్ల దగ్గర నల్లమచ్చల కోసం చూడమంటాను.

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు మిగతా సగం. మిక్సోమా కండరం నుంచి పుట్టేది కాదు, లోపలి పొర కిందనున్న కణాల నుంచి. ప్రాణాంతకమైన ఆంజియోసార్కోమా పుట్టేది రక్తనాళపు పొర నుంచి. నిజంగా కండరం నుంచే పుట్టేది రాబ్డోమయోమా ఒకటుంది. అది పసిపిల్లల్లో, చాలామట్టుకు కడుపులో ఉండగానే వస్తుంది. అంటే కండరకణాలు ఇంకా చీలుతున్న రోజుల్లో. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యులోపం ఉన్న పిల్లల్లో ఇవి గుంపుగా ఉంటాయి. పుట్టాక కణాలు చీలడం మానేస్తాయి. చాలా కణుతులు వాటంతటవే కుంచించుకుపోతాయి. గర్భిణి స్కానింగులో బిడ్డ గుండెలో గడ్డ కనిపించిందని వచ్చిన దంపతులకు, రక్తప్రవాహానికి అడ్డం లేకపోతే కత్తి పట్టనక్కర్లేదు, కాచుకుని చూద్దాం అని చెప్పగలుగుతున్నది ఈ జ్ఞానం వల్లే.

కణితికీ కండరం జబ్బుకూ మధ్య గీత ఎంత పల్చనో 1958లో తేలింది. లండన్‌లో డొనాల్డ్ టేర్ అనే ఫోరెన్సిక్ పెథాలజిస్టు, హఠాత్తుగా కుప్పకూలిన యువకుల గుండెలు కొన్ని కోసి చూశాడు. రెండు జఠరికల మధ్య గోడ విపరీతంగా మందమెక్కి ఉంది, కండరపు పోగులు క్రమం తప్పి చిందరవందరగా ఉన్నాయి. ఆయన దాన్ని ఒక రకం కండరపు కణితి అనుకున్నాడు. రెండేళ్లకే ఆయన కూడా పాల్గొని రాసిన వ్యాసంలో ఒక కుటుంబం మొత్తం బయటపడింది. ఇది కణితి కాదు, వంశంలో నడిచే జబ్బు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని మనం పిలిచేది ఇదే. పెద్దవారిలో అయిదువందలమందికి ఒకరికి ఉంటుందని అంచనా. చాలామంది నిండుగా బతుకుతారు, కొందరు మైదానంలో పడిపోతారు.

అదే కాలంలో అమెరికాలో యూజీన్ బ్రాన్‌వాల్డ్ అనే గుండె వైద్యుడు కవాటం సన్నబడిందని పంపిన రోగి గుండె తెరిచిన సర్జన్ ఆండ్రూ మారోకు అక్కడ ఏ అడ్డూ కనిపించలేదు. కొట్టుకుంటున్నప్పుడే ఏర్పడి, ఆపితే మాయమయ్యే అడ్డు అది. ఆ మందపు గోడను కొంత చెక్కి తీసే శస్త్రచికిత్సకు మారో పేరే నిలిచింది. ఆయనకూ అదే జబ్బు ఉండేది, 1982లో దానితోనే పోయారు.

విద్యార్థులారా, ఈ జబ్బు పట్టుకోవడానికి మీకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రోగిని గొంతుక్కూర్చోమనండి, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి ఉంచండి. మర్మర్ తగ్గుతుంది. లేచి నిలబడమనండి, పెరుగుతుంది. నిలబడగానే గుండెకు చేరే రక్తం తగ్గి గది చిన్నదవుతుంది, కవాటపు రెక్క మందపు గోడకు అతుక్కుంటుంది, దారి ఇరుకవుతుంది. సన్నబడిన కవాటమైతే దీనికి ఎదురుగా ఉంటుంది. ఈ సూత్రం తెలిస్తే మరో సంగతీ అర్థమవుతుంది. ఛాతీనొప్పి రాగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటయింది. ఈ అడ్డు ఉన్నవాడికి ఆ మాత్ర మేలు చేయకపోగా కళ్లు తిరిగి పడేస్తుంది. మే నెల ఎండలో నీళ్లు తాగకుండా కబడ్డీ ఆడినా అంతే. బీటా బ్లాకర్లు, ప్రమాదం ఎక్కువున్నవారికి షాకిచ్చి కాపాడే ఐసీడీ, ఈ మధ్య 2022లో అమెరికాలో అనుమతి పొందిన మావాకాంటెన్, ఇవి ఇప్పుడున్న దారులు.

1990లో క్రిస్టీన్, జోనాథన్ సైడ్మన్ దంపతుల బృందం మయోసిన్ జన్యువులో లోపాన్ని పట్టుకుంది, క్విబెక్‌లోని ఒక పల్లె కుటుంబం నుంచి. మన దగ్గర 2009లో హైదరాబాదు సీసీఎంబీలో తంగరాజ్, మదురైకి చెందిన దండపాణి తదితరులు మరో సంగతి చెప్పారు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించిన రూపం దక్షిణాసియాలో నూటికి నలుగురికి ఉందని, అది సుమారు 33 వేల ఏళ్ల కిందట ఇక్కడే పుట్టిందని. ముసలితనం వైపు గుండె దెబ్బతినే ప్రమాదం దీనివల్ల పెరుగుతుందన్నారు. పత్రికల శీర్షికలు మాత్రం కోట్లమందికి శాపం అన్నట్టు అచ్చయ్యాయి. తరువాతి పరిశోధనలు ఆ ప్రమాదంలో చాలా భాగం పక్కనే ఉన్న మరో అరుదైన లోపానిదని చూపించాయి. కాబట్టి ఆ 25 అక్షరాల కోసం ఊరంతా లాబ్‌కు పరిగెత్తమని నేను చెప్పను. జన్యువు ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు.

ఎకోలో జబ్బు తేలిన ఇంట్లో మాత్రం పరిగెత్తాలి. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే బిడ్డకు సగం అవకాశం. తోబుట్టువులు, పిల్లలు అందరికీ ఈసీజీ, ఎకో చేయాలి. పదేళ్ల పిల్లాడికి ఎకో బాగుందని వదిలేయకూడదు, యుక్తవయసులోనే గోడ మందమెక్కుతుంది. పిల్లలకు ఏడాది రెండేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి అయిదేళ్లకోసారి చూడాలి. ఇంట్లో జన్యులోపం పక్కాగా తేలితే, ఆ లోపం లేనివారిని ఈ తిరుగుళ్ల నుంచి విడుదల చేయొచ్చు. ఇదంతా చెబితే ఇళ్లలో ఎదురయ్యేది వైద్యపు ప్రశ్న కాదు. చెల్లెలి పెళ్లి కుదరదని అన్న జబ్బును దాస్తారు. చనిపోయిన కుర్రాడికి పోస్ట్‌మార్టమ్ వద్దంటారు, గుండెపోటు అనేసుకుని దహనం చేసేస్తారు. ఆ గుండెను ఎవరైనా కోసి చూసి ఉంటే తమ్ముడి సంగతి తెలిసేది.

అందుకని అధ్యక్షులకు ఒక విన్నపం. మాస్టారి పేరున ఉన్న ఈ నిధి వడ్డీలో కొంత భాగాన్ని, ఈ ఆసుపత్రిలో కండరం జబ్బు తేలిన ప్రతి రోగి ఇంటివారికి ఎకో ఉచితంగా చేయడానికి కేటాయించండి. నెలకో ఆదివారం చాలు. ఎకో తీసే పని నేను చేస్తాను, వాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసి పిలిచే పని ఈ బెంచీల మీద కూర్చున్న హౌస్ సర్జన్లు చేయాలి.